ఫిరంగుల సీమలో బడిగంట

హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఫిరంగుల వలన వచ్చింది. 18వ శతాబ్దం చివర నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ తోపులను పోతపోయించాడు. తరువాతి శతాబ్దంలో ఆ పరిసరాలు కథోలిక సమాజానికి నెలవయ్యాయి. అక్కడి సెయింట్ జోసెఫ్ దేవాలయానికి 1870లో శంకుస్థాపన జరిగింది. 1875 క్రిస్మస్ నాడు అది ఆరాధనకు తెరచుకొన్నది. అయితే నేడు దాని ప్రక్కనే ఉన్న ఆల్ సెయింట్స్ పాఠశాల 1855లోనే ఆరంభమైంది. గుడికంటె బడి పెద్దది! 1892లో ఇటలీ నుండి ఆలయానికి ఐదు గంటలు వచ్చాయి. గుడిగంట విశ్వాసులను పిలుస్తుంది. బడిగంటకు అన్ని మతాల పిల్లలూ కదలివచ్చారు. భారత క్రికెట్ జట్టు పూర్వ నాయకుడు మహమ్మద్ అజారుద్దీన్ వారిలో ఒకరు. ఫిరంగుల మ్రోత అణగిన చోట తరతరాలను చేరదీసినది ఆ బడిగంటయే.