బర్మా నోటు గూర్చి మేనల్లునికి



సైన్యములు తామాక్రమించిన దేశములలో చెలామణీ చేయించిన నోట్లను సేకరింపదలచితి ననియు, అప్పుడే జపానువారి బర్మా రూపాయలను కట్టగా కొంటి ననియు వ్రాసితివి. కట్టగా దొరకినప్పుడే నీకు సందేహము కలుగవలసినది. 1945లో ఆంగ్లేయులు మరల రంగూను ప్రవేశించి ఆ నోట్లు చెల్లవని చాటగా, కూడబెట్టుకొన్నవారి పెట్టెలలో నవి చిత్తుకాగితములై మిగిలినవి గనుకనే నేటికిని చౌక.

నీవు వెదకవలసినది ఆ తరువాతి ఆంగ్లేయ సైనిక పరిపాలనవారి నోటు. అది మన రిజర్వు బ్యాంకు నోటే, ఆరవ జార్జి బొమ్మ గలదే. దానిపై బర్మా సైనిక పరిపాలన యనియు, బర్మాలో మాత్రమే చెల్లుననియు ఇంగ్లీషులో ఎఱ్ఱని ముద్ర యొత్తిరి. భాషల వరుసను చూడుము, మన తెలుగక్షరములును కానవచ్చును. 1942లో జపానువారి బాంబులకు వెఱచి బర్మానుండి కాలినడకను కొండలడవులు దాటి వచ్చినవారిలో మనవారెందఱో గలరు. వారు విడిచివచ్చిన రంగూనులో చెల్లిన ఈ నోటు, వారి లిపిని మోయుచునే, వారు చేరిన గడ్డపై చెల్లకపోయినది. దానిని చేతబట్టినపు డెల్ల నా మనస్సు చివుక్కుమనును.

అయితే సాదా నోటుపై ఎఱ్ఱసిరా యొత్తుట మోసగానికి కష్టము కాదు. అసలైన దానిని ప్రక్కనుంచుకొని, అక్షరముల పొంకమును భూతద్దముతో పోల్చిచూడనిదే డబ్బు చెల్లింపకుము. మఱియొక మాట: నోటును కడుగరాదు. నా మొదటి అయిదు రూపాయల నోటును కుంకుడురసమున ముంచి ఇస్త్రీ చేసితిని. మాపు పోయినది, దానితో బిగువును పోయి గంజిలేని పంచెవలె వ్రేలాడినది.

మిత్రరాజ్యముల సేనలు జర్మనీలో చెలామణీ చేయించిన మార్కులు కొనదలచితివేని, 1944 శ్రేణి నోట్లలో సంఖ్యకు ముందు చిన్న అడ్డగీత యున్నదేమో చూడుము. బోస్టనులోని ఫోర్బ్సు ముద్రణాలయమువారు తమ నోట్ల అల్లికలో 'ఎఫ్' అను అక్షరమును దాచిరి. అమెరికావారినుండి అచ్చుపలకలు పొందిన సోవియట్టువారు మాత్రము అడ్డగీతతో విరివిగా ముద్రించి సైనికుల బాకీజీతములు తీర్చిరి. ఆ మార్కులకు గడియారములును సిగరెట్టులును అమ్మిన అమెరికా సైనికులు వానిని డాలర్లుగా ఇంటికి పంపుకొనగా, భారము వారి ఖజానాపైననే పడినది. వింతగా లేదా? పరుల యచ్చునకు తాము చెల్లించిరి!

నేను కడిగిన నోటును ఇందు జతపఱచితిని. దసరాకు వచ్చునపుడు నీ కట్టను తెమ్ము.

ఇట్లు,
మామయ్య