చివరి ప్రశ్నకు దాచిన జవాబు

నేను విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు పోయాయి. అప్పట్నుంచీ వైవా అంటే చాలు, గుండె దడ. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున మంచం దిగలేను. మెస్‌కి వెళ్లబుద్ధి కాక బిస్కెట్లతో గడిపేస్తున్నాను. ఎవరికీ చెప్పుకోలేక ఫోన్‌లో ఒక సీబీటీ కోర్సు, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే కోర్సు, మొదలుపెట్టాను. మూడో పాఠం తర్వాత వదిలేశాను. అంతా ఇంగ్లిషు. నా బాధ ఇంకెవరిదో అన్నట్టుండేది. అందులో దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలకి 13 మార్కులొచ్చాయి. చావు ఆలోచనలు వస్తున్నాయా అన్న చివరి ప్రశ్నకి మాత్రం ‘అసలు లేదు’ అని నొక్కాను. నిజానికి ఒక్కోసారి రేపు పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. ఇంట్లో తెలిస్తే పిచ్చంటారు, సంబంధాలు రావంటారు. ఆ కోర్సే పూర్తి చేయలేని దాన్ని, నేనెలా బాగుపడతాను?
— పేరు రాయొద్దు

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్న సంగతి. లేవకపోతే బాగుండు అనిపించడం నీ తప్పు కాదు. దిగులు ముదిరితే చాలామందికి అలా అనిపిస్తుంది. కానీ దాన్ని నీలో దాచుకోకు. ఇవాళే 14416కి ఫోన్ చెయ్యి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన గట్టిపడినా, ఎలా అన్న ఊహ మొదలైనా గదిలో ఒక్కదానివే ఉండొద్దు. రూమ్మేట్‌ని లేపి ఆస్పత్రికి తీసుకెళ్లమను.

ఇక కోర్సు. తోడు లేకుండా చేసే ఆన్‌లైన్ కోర్సులు చివరిదాకా చేసేవాళ్లు తక్కువే. నువ్వు వదిలేశావంటే చేతకానిదానివని కాదు. అలాగని ఆ పద్ధతి ఉత్తుత్తిదీ కాదు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వాళ్ల మూడ్‌జిమ్ అనే కోర్సు వల్ల దిగులు తగ్గుతుందని 2004లోనే పరిశోధనలో తేలింది. అయితే ఎవరికి ఏది సరిపోతుందన్నది ముఖ్యం. ఎన్నో అధ్యయనాల లెక్కలు కలిపి 2021లో చూస్తే, దిగులు కొద్దిపాటిగా ఉన్నవాళ్లకి సొంతంగా చేసుకునే కోర్సు దాదాపు సరిపోయింది. పీహెచ్‌క్యూలో 9 దాటినవాళ్లకి మాత్రం, మధ్యమధ్య ఒక మనిషి పలకరించే కోర్సు ఎక్కువ పనిచేసింది. నీకొచ్చింది 13. అదీ ఒక జవాబు దాస్తే.

కాబట్టి నీకు మనిషి కావాలి. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో వచ్చిన తీర్పది. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరో కనుక్కో. లేకపోతే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లు. నీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలూ చేయించుకో. ఆ సమస్యలవల్లా నీరసం, దిగులు రావచ్చు.

కౌన్సెలర్‌తోనో డాక్టరుతోనో మాట్లాడుతూ కోర్సు మళ్లీ పట్టుకో, కానీ తెలుగులో రాసుకో. ‘వైవాలో నోరు పెగలదు, ఇక ఇంతే నా బతుకు’ అని మనసులో ఎలా వస్తే అలాగే నోటుబుక్కులో దించు. పక్కనే, పోయినసారి వైవాలో నిజంగా ఏం జరిగిందో రాయి: ఏం అడిగారు, దేనికి తడబడ్డావు, దేనికి చెప్పగలిగావు. ‘ఇంతే నా బతుకు’ అన్నమాట ఆ కాగితం మీద నిలుస్తుందేమో నువ్వే చూడు. మెస్ విషయంలో మాత్రం బుద్ధి పుట్టేదాకా ఆగకు. దిగులులో ముందు కాళ్లు కదలాలి, ఆ తర్వాతే మనసు కదులుతుంది. రేపు టిఫిన్‌కి వెళ్లేటప్పుడు నిన్ను లాక్కెళ్లమని రూమ్మేట్‌తో ఈ రాత్రే చెప్పు.

ఇంట్లో అన్నీ ఒకేసారి చెప్పనక్కర్లేదు. అమ్మకి ఫోన్ చేసి, ‘నిద్ర పట్టట్లేదమ్మా, తిండి సయించట్లేదు, డాక్టరు దగ్గరికి వెళ్తున్నా’ అను. ఆ రెండు మాటలకే ఆవిడ బస్సెక్కి వచ్చేస్తే, రానివ్వు.