కాలిన రాళ్లు, అరిగిన ఇంజను

చదువవలసిన భాగము: నెహెమ్యా 2 నుండి 4 అధ్యాయములు, 7:1–3



యెరూషలేము ప్రాకారము పాడైపోయెనని నెహెమ్యా షూషను కోటలోనే విని యేడ్చెను. అయినను విన్నదానిని బట్టి అతడు పని మొదలుపెట్టలేదు. పట్టణమునకు వచ్చి మూడు దినములైన తరువాత, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, ఎవరికిని చెప్పక, లోయ ద్వారము మొదలుకొని గోడను చూచెను. ఒక చోట అతడు ఎక్కిన పశువు పోవుటకైనను దారి లేకపోయెను. ఈ చూచుటను గూర్చియే మనము ముందు ధ్యానింతము.

ఉత్తరపారా కర్మాగారములో అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను పాత కారునే నమ్ముకొన్న కుటుంబములు మనలో కలవు. రాజోలు ప్రక్క లంకనుండి నొప్పులు పడుచున్న స్త్రీని అర్ధరాత్రి కాకినాడ ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు, ఆ కారు కదలకపోవుట చిన్న సంగతి కాదు. అట్టి కారు లక్షల మైళ్లు తిరిగి, సైలెన్సరునుండి నీలిపొగ విడుచుచున్నదనుకొందము. నీలిపొగ యనగా ఆయిలు కాలుచున్నదని అర్థము. నల్లపొగ యైతే పెట్రోలు ఎక్కువగుచున్నది. తెల్లపొగ ఆగకుండ వచ్చుచు రేడియేటరులో నీరు తగ్గుచున్నయెడల, నీరు లోపలికి పోవుచున్నది.

ఇట్టి సమయమున చిక్కని ఆయిలు పోసిన చాలునని చెప్పువారున్నారు. మేము ఒప్పుకొనము. పొగ కొన్నాళ్లు తగ్గును గాని అరుగుదల తగ్గదు.

మొదట ఒక్కొక్క సిలిండరుకు కంప్రెషన్ గేజి పెట్టి చూడవలెను. ఒత్తిడి తక్కువగా ఉన్న సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మరల చూడుడి. ఒత్తిడి లేచినయెడల రింగులు గాని బోరు గాని అరిగినవి. లేవకున్న వాల్వులనో, హెడ్ గాస్కెట్టునో అనుమానింపవలెను. పావుగంట పని, దీనిని చేయక ఇంజను దించువాడు రాత్రి గోడను చూడక రాళ్లు మోయించువానివంటివాడు.

మూడవ అధ్యాయములో కంసాలి గోడ కట్టెను, పరిమళద్రవ్యములు చేయువాడు కట్టెను, షల్లూము తన కుమార్తెలతో కూడ కట్టెను. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా బాగుచేసిరి. కాబట్టి ఇంటి పెరటిలో ఇంజను విప్పుటకు జంకనక్కరలేదు. హెడ్డు విప్పుట, పిస్టన్లు తీయుట, వాల్వులను పేస్టుతో రుద్ది కూర్చోబెట్టుట ఓపికగలవాడు చేయగలడు. బేరింగు మూతలను విప్పకముందే వాటిమీద సంఖ్యలు గుర్తుపెట్టవలెను. ఒకదాని చోట మరియొకటి పెట్టరాదు. కొత్త రింగును పిస్టనుకు తొడుగకముందు బోరులోనికి తిన్నగా నెట్టి, దాని కొనల మధ్య సందును ఫీలర్ గేజితో కొలువుడి. బోరు వ్యాసములో ఇంచు ఒక్కింటికి ఇంచులో వెయ్యవ వంతులు నాలుగు చొప్పున లెక్క. మూడించులకు కొంచెము తక్కువైన అంబాసిడరు బోరుకు దాదాపు పండ్రెండు.

అయితే నెహెమ్యా మ్రానులకొరకు రాజు అడవిని కాయు ఆసాపునకు తాకీదు తెచ్చుకొనెను. అన్నియు ఇంటియొద్ద దొరకవని అతనికి తెలియును. బోరు పైభాగమున వేలికి మెట్టు తగిలినను, సిలిండరు గుండ్రము తప్పినను, లేతు మెషీనులున్నచోట బోరింగు చేయించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టన్లు వేయవలెను. క్రాంకు సానపట్టించుటయు అక్కడి పనియే. ఖర్చునకు భయపడి ఓవలుగా అరిగిన బోరులో కొత్త రింగులు తొడిగినవారికి నీలిపొగ మరల కనబడును.

కాలిపోయిన రాళ్లు తిరిగి పనికివచ్చునా యని సన్బల్లటు ఎగతాళి చేసెను. పాత ఇంజనును చూచి కూడ జనులు అట్లే అందురు. పోత ఇనుప బ్లాకు పగిలియుండనియెడల అది పనికివచ్చును. బోరు మిక్కిలి పెద్దదైనను స్లీవు దిగవేయవచ్చును. అయితే చెత్త విస్తారమై మోయువారి బలము తగ్గెనని యూదావారు మొరపెట్టినట్లు, ఇక్కడను చెత్తతోనే సగము కష్టము. బోరింగు పొడి కంటికి కనబడదు. వేడినీళ్లు, సబ్బుతో బోరును కడిగి, తెల్లగుడ్డ పెట్టి తుడిచిన గుడ్డ తెల్లగనే రావలెను. మన కాలువగట్ల తేమగాలికి అప్పుడే కడిగిన ఇనుము త్వరగా తుప్పుపట్టును గనుక వెంటనే ఆయిలు రాయవలెను. క్రాంకులోని ఆయిలు దారులను కూడ తీగెతోను గాలితోను శుభ్రపరచుడి.

ప్రాకారము ఏబదిరెండు దినములలో ముగిసెను. ముగిసిన తరువాత నెహెమ్యా తలుపులు బార్లా తెరువలేదు. ప్రొద్దెక్కువరకు ద్వారములు తెరువవద్దని ఆజ్ఞాపించెను. కొత్త రింగులు గోడకు సర్దుకొనువరకు, మొదటి 800 కిలోమీటర్లు, బరువు వేయక, ఒకే వేగమున పోనీయక నడుపవలెను. తరువాత ఆ ఆయిలును వేడిగా ఉండగానే దింపి, తెల్లని పళ్లెములో పోసి, వెలుతురులో దానిలోని పొడిని చూడుడి.