పోటీ పరీక్షల ప్రత్యేకం: యూరియా బస్తా మీది 46 ఎక్కడిది?

యూరియా బస్తా మీద ‘నైట్రోజన్ 46 శాతం’ అని ఉంటుంది. ఈ అంకెను బట్టీ పట్టనక్కర్లేదు, ఫార్ములా నుంచే రాబట్టవచ్చు. యూరియా అణువులో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులుంటాయి. ద్రవ్యరాశులు కూడితే 12+16+28+4, మొత్తం 60. అందులో నైట్రోజన్ వాటా 28. దాన్ని 60తో భాగించి 100తో గుణిస్తే 46.67. అంటే 45 కిలోల బస్తాలో, 46 శాతం లెక్కన, నైట్రోజన్ 20.7 కిలోలు. అమ్మోనియం సల్ఫేట్‌లోనూ నైట్రోజన్ పరమాణువులు రెండే. కానీ దాని అణు ద్రవ్యరాశి 132, కాబట్టి శాతం 21.2కి పడిపోతుంది.

చాలామంది తడబడేది డీఏపీ దగ్గర. బస్తా మీది 18-46లో రెండో అంకె ఫాస్ఫరస్ శాతం కాదు, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌గా లెక్కగట్టిన విలువ. ఆ ఆక్సైడ్ ద్రవ్యరాశి 142లో ఫాస్ఫరస్ 62 మాత్రమే. కనుక డీఏపీలో అసలు ఫాస్ఫరస్ సుమారు 20 శాతమే. ఈ తేడా తప్పక గుర్తుంచుకోవాలి.

ఇక శాతాల నుంచి ఫార్ములా కట్టడం. కార్బన్ 40, హైడ్రోజన్ 6.67, ఆక్సిజన్ 53.33 శాతం అని ఇస్తే, వాటిని వరుసగా 12, 1, 16తో భాగించండి. నిష్పత్తి 1:2:1 వస్తుంది. ఇది అనుభావిక ఫార్ములా, దాని ద్రవ్యరాశి 30. అణు ద్రవ్యరాశి 30 అయితే ఫార్మాల్డిహైడ్, 60 అయితే ఎసిటిక్ ఆమ్లం, 180 అయితే గ్లూకోజ్ కావచ్చు. శాతాలు మూడింటికీ ఒకటే. అందుకే అణు ద్రవ్యరాశి తెలియకుండా అణుఫార్ములా తేలదు.