వేలికి స్పర్శ పోయిందా?

సికింద్రాబాదు మెట్టుగూడలో మా చదువు కేంద్రానికి ఒక అక్క వచ్చేది. ఒకరోజు గిన్నెలు తోముతుంటే గాజు గ్లాసు పగిలింది. మణికట్టు తెగింది. దగ్గరలో ఉన్న డాక్టరు కుట్లు వేశాడు. గాయం మానింది. కానీ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారాయి. "అదే వస్తుందిలే" అన్నారు అందరూ. అక్క ఎనిమిది నెలలు ఆగింది. పెన్ను పట్టు దొరికేది కాదు. వేడి గిన్నె పట్టుకుంటే వేళ్ళు బొబ్బలెక్కేవి. ఆమెకు తెలిసేది కాదు.

మనం అన్నిటినీ నరమే అంటాం. రక్తం పారేదీ నరమే, వేలిని లాగే తాడూ నరమే. కానీ కరెంటు తీగ లాంటి నరం ఇంకొకటి ఉంది. వేడి, నొప్పి మెదడుకు చెప్పేది అదే. కండను కదలమనేదీ అదే. అక్కకు తెగింది అది. పైన చర్మం కుడితే లోపలి తీగ అతకదు.

దాన్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టాలి. గాజుతోనో కత్తిపీటతోనో తెగితే కొద్ది రోజుల్లోనే కుట్టాలి. యంత్రంలో పడి నలిగితే రెండు మూడు వారాలు ఆగుతారు. తెగకుండా దెబ్బ మాత్రమే తగిలితే మూడు నెలల దాకా కనిపెట్టి చూస్తారు. అది డాక్టరు చూస్తూ ఆగడం. మనంతట మనం ఆగడం వేరు.

ఎందుకింత తొందర? కుట్టిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే నెలకు 3 సెంటీమీటర్లు. మణికట్టు నుండి వేలి కొసకు దాదాపు ఆరు నెలలు. కండ ఎల్లకాలం ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర నరం అందకపోతే ఎండిపోతుంది. ఆ తర్వాత కుట్టినా లేవదు.

ఇంకో బాధ కూడా ఉంది. తెగిన కొస దారి దొరక్క ముడి కడుతుంది. ముట్టుకుంటే షాకు కొట్టినట్టు ఉంటుంది, మంట. మామూలు నొప్పి బిళ్ళలకు అంతగా లొంగదు. దీనికి వేరే మందులున్నాయి. వాటిలో కొన్ని మూర్ఛకు, దిగులుకు కూడా ఇస్తారు. "నాకేమన్నా పిచ్చా?" అని భయపడకండి. మందులకు తగ్గకపోతే ఆపరేషను చేస్తారు.

చెయ్యి తెగితే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. పసుపు, కాఫీపొడి వద్దు. మత్తు సూదికి ముందే ఒక్కో వేలి కొసను దూదితో తాకి చూడమని డాక్టరును అడగండి. తెలియకపోతే పెద్దాసుపత్రికి వెళ్ళండి. గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాదుకు మారింది. అక్కడ ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. పేరు చూసి అది అందం కోసమే అనుకోకండి.

అక్కకు కాలి నుండి నరం ముక్క తీసి అతికించారు. ఇప్పుడు వేడి తెలుస్తోంది. పేరు రాస్తోంది. సూదిలో దారం మాత్రం కూతురే ఎక్కిస్తుంది.