వికటకవిని ఒప్పుకోని కంప్యూటరు

మన పెద్ద తరగతి పిల్లల్లో చాలామందికి అమెరికన్ బడిలో పైథాన్ పాఠాలు మొదలైపోయాయి. ఒక వాక్యం రాసి, మీట నొక్కి, జవాబు కిందనే చూసుకునే జుపిటర్ నోట్‌బుక్ వాళ్ళకు మన చిన్నప్పటి పలకలాంటిది. రాసుకోవచ్చు, చెరుపుకోవచ్చు, తప్పు పోయినా ఎవరూ తిట్టరు. తెలుగు తరగతిలో మేము ఆ పలక మీదే తెలుగు రాయించి చూశాము. అప్పుడు పిల్లలు వేసిన ప్రశ్నలూ, "ఇది ఇలా చేస్తే బాగుండును" అంటూ కోరిన కోరికలూ పెద్దలకు కూడా పనికివస్తాయి.

మొదటి ప్రశ్న "అమ్మ" దగ్గరే వచ్చింది. పొడవు చెప్పే ఆజ్ఞ పేరు లెన్. "అమ్మ"లో ఎన్ని అక్షరాలని దాన్ని అడిగితే 4 అంది. పిల్లలు రెండే అన్నారు. పిల్లలదే ఒప్పు. అయితే కంప్యూటరు అబద్ధమాడలేదు, అది లెక్కపెట్టింది అక్షరాలను కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు కేటాయించారు. క గడి 3093, పొల్లు గడి 3149. గుణింతపు గుర్తులకు తలా ఒక గడి ఉంది. తలకట్టుకు మాత్రం లేదు, ఎందుకంటే క అంటేనే తలకట్టుతో ఉన్న క. ఒత్తులకూ వేరే గళ్ళు లేవు. కాబట్టి "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మళ్ళీ మ. మొత్తం నాలుగు. "స్వాతంత్ర్యం" మూడే అక్షరాలు గాని, కంప్యూటరు లెక్కలో 12! ఆ పన్నెండూ కాగితం మీద విడదీసి రాయమంటే, ఒత్తులంటే భయపడే పిల్లలు కూడా సరదాగా రాశారు. గుణింతం వల్లె వేయించడం కన్నా ఇదే మేలని మాకు అనిపించింది.

అసలు తగాదా తెనాలి రామకృష్ణుడి బిరుదు దగ్గర వచ్చింది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే అయిన మాట వికటకవి అని కథలో చెప్పాం కదా! పిల్లలు మాటను తిరగేసి, రెండూ సమానమేనా అని పైథాన్‌ను అడిగారు. "జలజ"కు అవునంది, "నటన"కు అవునంది, "వికటకవి"కి కాదంది. కారణం వి అనే అక్షరం దానికి రెండు ముక్కలు కావడమే. తిరగేసినప్పుడు గుడి వ కన్నా ముందుకు వచ్చి దిక్కులేకుండా నిలబడుతుంది, ఆ తరువాతి గుడి వెళ్ళి క మీద కూర్చుంటుంది. వికటకవి కాస్తా వకటకివ అయిపోతుంది. "కునుకు" గతి కూడా ఇంతే.

దాంతో అక్షరాలనే లెక్కపెట్టే ఆజ్ఞ కావాలని పిల్లలు కోరారు. అది వాళ్ళే రాసుకోవచ్చు, రెండే సూత్రాలు. గుణింతపు గుర్తుగాని, సున్నగాని, విసర్గగాని, పొల్లుగాని వస్తే వెనక ఉన్నదానికి అతికించాలి. వెనక చివరన పొల్లు ఉండి ఇప్పుడు హల్లు వస్తే, దాన్నీ అతికించాలి. మిగిలినవన్నీ కొత్త అక్షరాలు. ఇలా ముక్కలు చేశాక తిరగేస్తే వికటకవి గెలుస్తాడు. చిన్న పిల్లల కోరికే గదా అనుకోకండి. యూనికోడ్ వారి అక్షర విభజన సూత్రాలు "శ్రీ"ని చాలాకాలం రెండు ముక్కలుగానే చూశాయి. 2023లో వచ్చిన 15.1 కూర్పులోనే తెలుగు సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం చేరింది.

మాటలను వరుసలో పెట్టమంటే "కవి" కన్నా ముందు "కళ" వచ్చింది. బడిలో నేర్పే వర్ణమాలలో ళ హ తరువాత కదా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 1991 నాటి యూనికోడ్, అంతకుముందు 1988లో మన దేశంలో చేసిన ఇస్కీ వరుసను అనుసరించింది. భారతీయ లిపులన్నిటికీ ఒకే రకం గళ్ళు ఉండాలని ళను ల పక్కన కూర్చోబెట్టారు. హిందీ క గడి 2325. దానికి 768 కలిపితే తెలుగు క వస్తుంది. మిగతావి కూడా కలిపి చూసుకోండి.

"ఆజ్ఞలే తెలుగులో ఉండకూడదా?" అన్నది అందరికీ నచ్చిన కోరిక. కొంతవరకు ఉండవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. చూపు అనే పేరుకు ప్రింట్‌ను అప్పగిస్తే, ఆ తరువాత చూపు అన్నా అదే పని చేస్తుంది. ఇఫ్, ఫర్ లాంటి మాటలు మాత్రం మారవు. తెలుగు అంకెల సంగతి వింతగా ఉంటుంది. ౧౦౮ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇంట్ ఆజ్ఞకు ఇస్తే 108 అని చెబుతుంది, విడిగా రాస్తే తప్పంటుంది!

ఒక్క ప్రశ్న మాత్రం ఇంటికి పంపుతున్నాము. మన రెండు సూత్రాల ప్రకారం "కారు"కు రెండు, "కార్"కూ రెండే వస్తాయి. ఛందస్సులో అయితే పొల్లు ముందున్న అక్షరంతోనే కలిసిపోతుంది, కాబట్టి రెండవది ఒకటే అక్షరం. ఛందస్సు లెక్క రావాలంటే మన సూత్రాలలో దేన్ని ఎలా మార్చాలి? తాతయ్యలు, అమ్మమ్మలు కూడా జవాబు చెప్పవచ్చు.