వెనక నిలబడేవాడి విద్య

చిరంజీవి అల్లుడికి,

రియాద్ నుంచి మామ ఆశీర్వదించి రాయునది.  

మొన్న మా అక్క, అంటే మీ అమ్మ ఫోన్ చేసి, జుబైల్ క్యాంపులో ఉండి నువ్వు చేసేది క్లీనింగ్ కంపెనీలో పని అని ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని నువ్వు ఆమెతో ఒట్టు వేయించుకున్న సంగతి చెప్పింది. శుక్రవారాలు గ్రౌండుకు పోవడం కూడా మానేశావట. జగిత్యాలలో కాలేజీ జట్టుకు స్టాపర్‌గా ఆడినవాడివి. నీ వెనకకు బంతి పోవాలంటే ఎదుటి జట్టువాళ్ళు చెమటోడ్చేవాళ్ళు. చేతికి మాప్ కర్ర వచ్చిందని ఆ ఆటను నువ్వే దూరం పెట్టుకుంటున్నావు. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. పని దిగి, స్నానం చేసి, అన్నం తిన్నాక నిదానంగా చదువు.

మనం ఉంటున్న ఈ సౌదీ జాతీయ జట్టుకు కోచ్‌గా చేసిన హెర్వే రెనార్ పేరు నీకు తెలుసు. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనాను ఓడించిన జట్టు ఆయనదే. తెల్ల చొక్కా వేసుకుని గీత పక్కన నిలబడే ఆయన ఫోటో కూడా చూసే ఉంటావు. అంతకు ముందు ఆయన ఏం పని చేశాడో నీకు తెలియదనుకుంటాను.

రెనార్ 1968లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే కాన్ పట్టణపు క్లబ్బులో చేరాడు. నీలాగే డిఫెండర్. అదే క్లబ్బులో తనకంటే చిన్నవాడైన జిదాన్ ఎదిగి ప్రపంచాన్ని ఏలాడు. రెనార్ మాత్రం పెద్ద ఆటగాడు కాలేకపోయాడు. కింది డివిజన్లలో చిన్న ఊళ్ళ జట్లకు ఆడి ముప్పై ఏళ్ళ వయసులో ఆట ఆపేశాడు. అప్పటికి చేతిలో పెద్ద డబ్బూ లేదు, పేరూ లేదు. బతకడానికి ఆయన పట్టుకున్నది క్లీనింగ్ పని. చీకటితోనే లేచి భవనాలు తుడిచాడు, చెత్త డబ్బాలు ఖాళీ చేశాడు. తర్వాత సొంతంగా ఒక చిన్న క్లీనింగ్ కంపెనీ నడిపాడు. సాయంత్రమైతే ద్రాగిన్యాన్ అనే చిన్న ఊరి అమెచ్యూర్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఇది ఎవరో కూపీ లాగి బయటపెట్టిన రహస్యం కాదు. పెద్ద పేరు వచ్చాక కూడా ఇంటర్వ్యూల్లో ఆయనే నోరారా చెప్పుకున్నాడు.

అల్లుడా, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించు. నువ్వు ఏ పనిని అక్కతో దాయిస్తున్నావో, ఆ పనినే జాతీయ జట్టుకు కోచ్‌గా చేసినవాడు లోకమంతా వినేట్టు చెప్పాడు. పొద్దుటి పని ఆయన పొట్ట నింపింది, సాయంత్రం పని ఆయన విద్యను కాపాడింది. పొద్దుటి పని వల్ల సాయంత్రాన్ని వదులుకుని ఉంటే ఈ రోజు ఆయన పేరు మనకు తెలిసేది కాదు. నేను నీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే, మిగతా ఉత్తరమంతా దీని వివరణే. బతుకుతెరువు మనిషి చేతిలోని విద్యను తీసుకుపోదు. మనం సాయంత్రాలను వదిలేసిన రోజే అది పోతుంది.

ఆ తర్వాత ఆయన దారి నున్నగా ఏమీ సాగలేదు. క్లాడ్ లె రాయ్ అనే అనుభవజ్ఞుడైన కోచ్ ఆయనను సహాయకుడిగా చైనాలోని షాంఘైకి తీసుకుపోయాడు. తర్వాత ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ యునైటెడ్ అనే కింది స్థాయి క్లబ్బులో అవకాశం వచ్చింది, నెలల్లోనే పోయింది. వియత్నాంలో కొన్నాళ్ళు, ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్‌లో కొన్నాళ్ళు. మళ్ళీ లె రాయ్ పిలిస్తే ఘానా జట్టుకు సహాయకుడిగా వెళ్ళాడు. 2008లో జాంబియా ఆయనకు జాతీయ జట్టును అప్పగించింది. అంటే ఆట ఆపిన పదేళ్ళకు సొంతంగా ఒక దేశపు జట్టు చేతికి వచ్చింది. నువ్వు ఏడాది కూడా కాకముందే అంతా అయిపోయిందంటున్నావు.

జాంబియా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1993 ఏప్రిల్‌లో ఆ దేశపు జట్టు ప్రయాణిస్తున్న విమానం గాబన్ రాజధాని లీబ్రవిల్ దగ్గర సముద్రంలో కూలింది. 18 మంది ఆటగాళ్ళతో సహా విమానంలోని 30 మందీ చనిపోయారు. 2012 ఆఫ్రికా కప్ ఫైనల్ అదే లీబ్రవిల్‌లో జరిగింది. రెనార్ తన కుర్రాళ్ళను ఆ సముద్రతీరానికి తీసుకువెళ్ళి పోయినవాళ్ళకు పూలు సమర్పింపజేశాడు. ఫైనల్లో ఎదురుగా ద్రోగ్బా ఉన్న ఐవరీ కోస్ట్. 120 నిమిషాలు ఆడినా గోల్ లేదు, పెనాల్టీల్లో 8-7తో జాంబియా గెలిచింది. మ్యాచ్ మొదట్లోనే గాయపడి ఏడుస్తూ బయటికి వచ్చిన డిఫెండర్ జోసెఫ్ ముసోండా నడవలేని స్థితిలో పక్కన ఉండిపోయాడు. గెలిచిన వెంటనే రెనార్ అతన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని మైదానంలో సంబరం చేసుకుంటున్న జట్టు మధ్యకు తీసుకుపోయాడు. కోచ్ అంటే ఎవరో నాకు ఆ ఒక్క పనిలో అర్థమైంది. జట్టులో ఆడలేనివాడు కూడా జట్టువాడేనని మరచిపోనివాడు. మూడేళ్ళ తర్వాత అదే ఐవరీ కోస్ట్‌కు కోచ్‌గా వెళ్ళి 2015 ఆఫ్రికా కప్ గెలిపించాడు. రెండు వేర్వేరు దేశాలకు ఆ కప్పు తెచ్చిపెట్టిన మొదటి కోచ్ ఆయనే. మధ్యలో ఫ్రాన్స్‌లో ఆయన చేతిలో ఉన్న సోషో క్లబ్ కింది డివిజన్‌కు జారింది. లిల్ క్లబ్ ఆయనను కొన్ని నెలలకే పంపేసింది. ఇవీ ఆయన లెక్కలో ఉన్నవే. 2018లో మొరాకోను ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్రపంచకప్‌లో నిలబెట్టి, 2019లో సౌదీకి వచ్చాడు.

ఇక్కడి వాళ్ళకు పాత దెబ్బలు చాలా ఉన్నాయి. 2002లో జపాన్‌లోని సప్పోరోలో జర్మనీ చేతిలో 8-0, 2018లో మాస్కోలో రష్యా చేతిలో 5-0. అలాంటి జట్టు 2022 నవంబర్ 22న ఖతార్‌లోని లుసైల్‌లో అర్జెంటీనా ముందు నిలబడింది. అర్జెంటీనా అప్పటికి 36 మ్యాచ్‌లుగా ఓడలేదు. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ గోల్ కొట్టాడు. ఎవరైనా ఆ తర్వాత గోల్‌పోస్టు ముందు గుంపుగా కూర్చుంటారు. రెనార్ మాత్రం తన నలుగురు వెనకవాళ్ళను ముందుకే, దాదాపు మైదానం నడిమి దాకా నిలిపి ఉంచాడు. సౌద్ అబ్దుల్‌హమీద్, తంబక్తీ, బులైహీ, షహ్రానీ, నలుగురూ ఒకే గీత మీద. ఎదుటివాడు పాస్ ఇవ్వబోయే క్షణంలో నలుగురూ కలిసి ఒక్క అడుగు ముందుకు వేయాలి, అప్పుడు వాళ్ళ వెనక మిగిలిన ఎదుటి ఆటగాడు ఆఫ్‌సైడ్ అవుతాడు. ముగ్గురు వేసి ఒక్కడు ఆలస్యమైతే ఎదుటివాడికి గోల్ దారి తెరుచుకున్నట్టే. స్టాపర్‌గా ఆడిన నీకు ఆ భయం ఏమిటో తెలుసు. మొదటి సగంలోనే అర్జెంటీనా ఏడుసార్లు ఆఫ్‌సైడ్‌కు దొరికింది. మెస్సీది ఒకటి, లౌతారో మార్తినెజ్‌వి రెండు, మొత్తం మూడు గోల్స్ రద్దయ్యాయి.

విరామంలో డ్రెస్సింగ్ రూమ్‌లో రెనార్ గొంతు చించుకున్న వీడియో తర్వాత అందరూ చూశారు. మెస్సీకి దూరంగా నిలబడి చూస్తున్నారు, కావాలంటే ఫోన్ తెచ్చుకుని అతనితో ఫోటో దిగండి అని మందలించాడు. మళ్ళీ దిగాక 48వ నిమిషంలో సాలెహ్ అల్-షెహ్రీ, 53వ నిమిషంలో సాలెం అల్-దౌసరీ గోల్స్ కొట్టారు. మిగతా ఆటంతా వెనకవాళ్ళదే. గోల్‌కీపర్ ఒవైస్ ఆపిన బంతులు, చివరి నిమిషాల్లో గోల్ గీత మీంచి అబ్దులిలాహ్ అల్-అమ్రీ తలతో కొట్టేసిన బంతి. సొంత గోల్‌కీపర్‌తోనే గుద్దుకుని షహ్రానీ స్ట్రెచర్ మీద బయటికి వచ్చి ఆపరేషన్ దాకా వెళ్ళాడు. 2-1. మరునాడు దేశమంతా సెలవు. తర్వాత పోలండ్, మెక్సికోల చేతిలో ఓడి సౌదీ ఇంటిదారి పట్టింది, అర్జెంటీనా కప్పు గెలిచింది. అయినా ఆ రోజు నిలిచిపోయింది. 2023లో రెనార్ ఫ్రాన్స్ మహిళల జట్టుకు వెళ్ళాడు. 2024 అక్టోబర్‌లో సౌదీ మళ్ళీ పిలిచింది. 2025 అక్టోబర్‌లో జెద్దాలో ఇరాక్‌తో 0-0గా నిలిచి 2026 ప్రపంచకప్‌కు అర్హత తెచ్చుకుంది.

డిఫెండర్లే ఎందుకు మంచి కోచ్‌లు అవుతారని నువ్వు ఒకసారి అడిగావు. అందరూ అవుతారని చెప్పను. కానీ వెనక నిలబడినవాడికి ఆట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. ముందున్నవాళ్ళను అరిచి సర్దేది అతనే. జర్మనీని చూడు. బెకెన్‌బావర్ 1974లో కెప్టెన్‌గా, 1990లో కోచ్‌గా ప్రపంచకప్ గెలిచాడు. ఆయన పక్కనే ఆడి 1974 ఫైనల్లో క్రైఫ్‌ను కాచిన బెర్టీ ఫోగ్ట్స్ 1996లో జర్మనీకి కోచ్‌గా యూరో కప్పు తెచ్చాడు, తర్వాత మన పొరుగున కువైట్ జట్టునూ కొంతకాలం నడిపాడు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్ డిఫెండరే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. తర్వాత దేశానికి కోచ్ అయ్యాడు. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్నాడు. ఆయనకంటే ముందు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన కోచ్ రహీం సాబ్ కూడా మన హైదరాబాదీయే, బడి పంతులుగా పనిచేసినవాడు. నీ విద్యకు మన నేల మీద ఇంత పెద్ద వంశం ఉంది.

నీకూ రెనార్‌కూ ఉన్న తేడా నాకు తెలుసు. ఆయనకు ఫ్రాన్స్ పాస్‌పోర్ట్ ఉంది, పెద్ద క్లబ్బులో పెరిగిన చదువు ఉంది. నీకు ఇకామా అనే నివాస కార్డు ఉంది, ఏజెంటుకు కట్టిన డబ్బు తాలూకు అప్పు ఉంది. అందుకే నీ స్థితికి తగినవే చెబుతాను.

ముందు అప్పు తీర్చు. అది తీరేదాకా బూట్లకు, ఫోన్లకు డబ్బు పెట్టకు. ఎవరో ఎక్కువ జీతం ఆశ చూపారని కంపెనీ వదిలి పారిపోయి ఖల్లివల్లి అవ్వకు. కాగితం లేని మనిషికి ఇక్కడ దవాఖానా కూడా కష్టమే. మారాలంటే చట్టం ప్రకారం మారు. 2021 మార్చి నుంచి కంపెనీ పనివాళ్ళకు ఏడాది పూర్తయ్యాక, నోటీసు ఇచ్చి, కివా అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా వేరే కంపెనీకి పోయే దారి ఉంది. ఆ కాగితాలు నేను చూసి పెడతాను.

అక్కకు ఫోన్ చేసి ఆ ఒట్టు తీసెయ్యి. నువ్వు తుడిచిన ఆఫీసులో పదిమంది శుభ్రంగా పని చేసుకుంటున్నారు. అందులో తలవంపు ఏముంది? కొడుకు పని దాచాల్సి రావడమే తల్లికి బరువు.

శుక్రవారం మళ్ళీ గ్రౌండుకు పో. మీ దగ్గర మలయాళీ సోదరులు టోర్నమెంట్లు బాగా జరుపుతారు, స్టాపర్ అంటే చోటిస్తారు. ఎండల కాలంలో పగలు ఆడకు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే నియమం పెట్టింది, ఆటకు ఆ వేడి ఎంత ప్రమాదమో చూసుకో. రాత్రి ఇషా నమాజు తర్వాత ఆడండి, నీళ్ళు తాగండి, నిద్ర తగ్గించుకోకు.

ఆడి వచ్చాక ఒక నోట్‌బుక్‌లో పది వాక్యాలు రాయి. గోల్ ఎక్కడ పడింది, గీత ఎవరి దగ్గర విరిగింది, నువ్వు ఎప్పుడు అరవాల్సింది అరవలేదు. రెండేళ్ళు రాస్తే అది నీ సొంత పాఠ్యపుస్తకం అవుతుంది. క్యాంపులో ఆట రాని కుర్రాళ్ళు ఉంటారు, వాళ్ళకు నలుగురు కలిసి అడుగు వేయడం నేర్పు. నేర్పేటప్పుడే నీకు రానిది ఏమిటో బయటపడుతుంది.

కాంట్రాక్ట్ అయి ఇంటికి వెళ్ళాక అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచింగ్ కోర్సుల్లో చేరు. ఇ, డి, సి, బి, ఎ అని ఒక్కో మెట్టు ఉంటుంది, మొదటి మెట్లకు పెద్ద ఆటగాడై ఉండాల్సిన పని లేదు. ఫీజు నేను పెడతాను, అది నీకు అప్పు కాదు. నువ్వు జాతీయ జట్టు కోచ్ కావాలని నేను అడగను. మన మండలం హైస్కూల్ గ్రౌండులో ఇరవై మంది పిల్లలకు సరిగ్గా నిలబడడం, కలిసి కదలడం నేర్పే ఒక మాస్టారు మన దగ్గర లేడు. ఆ చోటు ఖాళీగా ఉంది, నువ్వు నింపగలవు. అందుకు తయారీ ఊరికి పోయాక మొదలయ్యేది కాదు, జుబైల్‌లో ఈ వారమే మొదలుకావాలి. మొదటి మ్యాచ్ ఆడాక ఏ జట్టుతో ఆడావో, నీ వెనకకు ఎన్ని బంతులు పోయాయో నాకు వివరంగా రాయి.

ఆయురారోగ్యాలతో వర్ధిల్లు.

ఇట్లు,
మీ మామ